పని లేని బండికి పది జాగ్రత్తలు

మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో చలికాలం మోటారుసైకిలును మూలన పెట్టే కాలం కాదు. పత్తి తీతలు, మిరప కోతలు, కూలీలకు అన్నం క్యారియర్లు చేరవేయడాలు, యార్డుకు వెళ్లి ధర కనుక్కోవడాలు - బండి ఎక్కువగా తిరిగేది ఆ నాలుగు నెలల్లోనే. కనుక “చలికాలంలో మోటారుసైకిలును దాచిపెట్టడం ఎలా?” అని ఎవరైనా అడిగితే మనకు నవ్వొస్తుంది. కాని కెనడాలోనో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో ఉంటున్న మన పాత విద్యార్థులకు ఇది నవ్వులాట కాదు. అక్కడ మంచు మొదలైతే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నవంబరు ప్రాంతంలో బండిని గ్యారేజీలో పెట్టి తలుపు వేస్తే, మళ్లీ ఏప్రిల్లోనే దాని మొహం చూసేది. ఆ అయిదు నెలలూ బండి చెడిపోకుండా చేసే ఏర్పాటు అక్కడ ఒక చిన్న శాస్త్రంగానే పెరిగింది.

మరి మనకు ఆ శాస్త్రంతో పని లేదా? ఉంది. మన బళ్లు నిద్రపోయే కాలం వేరు, అంతే. పరీక్షలు అయిపోగానే హాస్టలు షెడ్డులో బండి వదిలి ఊరికి పోయే విద్యార్థి ఉన్నాడు. కూతురి పురుడుకని అమెరికా వెళ్లి ఆరు నెలలకు గాని తిరిగిరాని తల్లిదండ్రులు ఇవాళ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు కోట్ల బళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇవికాక, తాతగారి బుల్లెట్టో, నాన్నగారి రాజ్‌దూతో అమ్మ బుద్ధిపుట్టక గొడ్లచావిడిలో నిలబెట్టుకున్న వాళ్లూ ఉన్నారు.

రసాయనశాస్త్రం చదువుకుని, అదే పాఠం చెప్పుకుంటూ, బండి పనులు స్వయంగా చేసుకునే అలవాటున్న వాడిని గనుక, ఈ సంచికలో విద్యార్థి మిత్రులకు పనికివచ్చే నాలుగు మాటలు రాద్దామనుకున్నాను.

అసలు శత్రువు ఎవరు?

తిరిగే బండి అరుగుతుంది, తిరగని బండి తుప్పు పడుతుంది. ఇనుము, ప్రాణవాయువు, నీరు - ఈ మూడూ కలిస్తేనే తుప్పు. ఉప్పు తోడైతే ఆ పని మరింత చురుగ్గా సాగుతుంది. కాబట్టి బండిని దాచడమంటే తేమను దూరంగా పెట్టడమే.

ఈ సంగతి మన మిరప రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోసిన కాయను కళ్లంలో ఎండబెట్టి, నూటికి పది పాళ్ల దరిదాపుకు తేమ తగ్గిన తర్వాతనే టిక్కీలకెత్తి కోల్డు స్టోరేజీకి పంపుతాడు. పచ్చిగా కట్టిన కాయ రంగు తప్పి తాలు అవుతుంది. రాత్రి మంచు పడుతుందని పట్టా కప్పినా, పొద్దున్నే తీయకపోతే లోపల చెమ్మ పట్టి బూజొస్తుందని అతనికి తెలుసు. కాయ విషయంలో మనం పాటించే ఈ తెలివినే బండి విషయంలోనూ పాటిస్తే చాలు.

రెండు నిమిషాల స్టార్టు

పని లేని బండి గురించి మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. ఊరు వెళ్లే పెద్దకొడుకు “అమ్మా, రోజూ ఒకసారి తమ్ముణ్ణి బండి స్టార్టు చేసి ఆపమని చెప్పు” అని చెప్పి మరీ వెళతాడు. మంచి మనసుతో చెప్పిన మాటే గాని, లెక్క వేసి చూస్తే బండికి మేలు కన్నా కీడే ఎక్కువ.

పెట్రోలులో ఉన్నది కార్బనూ హైడ్రోజనూ. మండినప్పుడు ఆ హైడ్రోజను గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది. అది పూర్తిగా మండితే వచ్చే నీరు దాదాపు ఒక కిలో, అంటే లీటరు! పెట్రోలు కన్నా నీటి బరువు ఎక్కువ ఎలా అయిందని ఆశ్చర్యపోకండి, ఆ అదనం గాలిలోంచి వచ్చిన ప్రాణవాయువుది. ఇంజను బాగా వేడెక్కితే ఈ నీరు ఆవిరిగా బయటికి పోతుంది. రెండు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సరు గోడలకూ, ఇంజను అడుగున ఆయిల్లోనూ చెమ్మగా నిలిచిపోతుంది. పైగా స్టార్టు చేయడానికి బాటరీ ఇచ్చిన కరెంటు ఆ రెండు నిమిషాల్లో తిరిగి నిండదు.

కాబట్టి ఇంట్లో బండి నడపగలిగే వాళ్లుంటే వారానికో పదిరోజులకో ఒకసారి అయిదారు కిలోమీటర్లు తిప్పుకు రమ్మనండి. లేదంటే అసలు కదిలించకుండా పద్ధతి ప్రకారం నిద్రపుచ్చండి. ఆ పద్ధతి ఇది.

1. కడగడం, ఆరబెట్టడం

నల్లరేగడి మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఎక్కువ. తడిసి ఉబ్బుతుంది, ఎండి బీటలిస్తుంది, పట్టుకున్న నీటిని ఒక పట్టాన వదలదు. మడ్‌గార్డు కింద, చైను కవరులో, చక్రం పుల్లల మొదట్లో అతుక్కున్న ఆ మట్టి తడిగుడ్డ కట్టినట్టే. ముందు దాన్ని పుల్లతో గీకి, కడిగి వదిలించాలి.

మన ప్రాంతంలో మరో చిక్కుంది. బండి మీద మనం ఎరువు బస్తాలు వేసుకు వెళతాం. పొటాషు అని మనం పిలిచే ఎరువు పొటాషియం క్లోరైడు, అంటే ఉప్పుకు తమ్ముడే. యూరియా, అమ్మోనియా ఎరువులు కూడా గాలిలోని తేమను లాక్కుని ఇనుమును తింటాయి. వెనక క్యారియరు, సీటు కింది ఫ్రేము బాగా కడగాలి. చీరాల, వేటపాలెం, బాపట్ల వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ల వాళ్లు మరింత శ్రద్ధగా కడగాలి.

కడిగిన వెంటనే మూలన పెట్టకూడదు. పది పదిహేను కిలోమీటర్లు నడిపితే ఆ వేడికీ గాలికీ సందుల్లో నీళ్లు ఆరిపోతాయి.

2. ఇంజను ఆయిలు

పాత ఆయిల్లో మసితో పాటు మంటలోంచి వచ్చిన ఆమ్లాలు, నీరు కలిసి ఉంటాయి. అవి నెలల తరబడి బేరింగుల మీద నిలవ ఉండటం మంచిది కాదు. “తిరిగి వచ్చాక మారుద్దాంలే” అనుకోకుండా, దాచే ముందే మార్చండి. బండి తిప్పి తెచ్చిన వేడిమీద మారిస్తే మడ్డి అంతా దిగిపోతుంది. మనం రోజూ వాడే చిన్న బళ్లకు పట్టేది సుమారు లీటరు. తీసిన ఆయిలును కాలవలోనో గట్టు మీదనో పారబోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్కుకు ఇచ్చేయండి.

3. పెట్రోలు ట్యాంకు

పదిలీటర్ల ట్యాంకు ఖాళీగా ఉందనుకోండి. రాత్రి 30 డిగ్రీలు, మధ్యాహ్నం రేకుల షెడ్డులో ట్యాంకు 45 డిగ్రీలు. మీరు ఇంటర్మీడియట్లో చదివిన ఛార్లెస్ నియమం ప్రకారం లెక్కవేస్తే లోపలి గాలి నూటికి అయిదు వంతులు వ్యాకోచిస్తుంది. అంటే పెట్రోలు ఆవిరిని లెక్కలోకి తీసుకోకుండానే, రోజూ అరలీటరు గాలి బయటికి పోయి, రాత్రికి అరలీటరు కొత్త గాలి లోపలికి వస్తుంది. ట్యాంకు ఊపిరి పీలుస్తుందన్న మాట! వానకాలంలో ఆ గాలితో పాటు తేమ వస్తుంది, చల్లబడ్డ రేకు మీద చెమరుస్తుంది. నిండు ట్యాంకులో గాలికి చోటే తక్కువ, తేమా తక్కువే. అందుకే రెండు మూడు నెలలకైతే ట్యాంకు నింపి ఉంచమంటారు.

అయితే నేటి పెట్రోలు వేరు. 2022 నాటికి నూటికి పది పాళ్లు ఇథనాల్ కలిపారు. 2023 ఫిబ్రవరి నుంచి ఇరవై పాళ్ల పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ నీటిని ఇష్టంగా పీల్చుకుంటుంది. కొంత మేరకు కలుపుకుని మోస్తుంది, హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోలు ట్యాపు లాగేది కూడా అడుగు నుంచే! కాబట్టి మూత రబ్బరు గట్టిగా ఉందో లేదో చూడండి. ఆరు నెలలు, ఏడాది దాచేట్టయితే పాత కార్బురేటరు బండికి ట్యాంకు పూర్తిగా దించి, ఆరబెట్టి, లోపల కొద్దిగా ఇంజను ఆయిలు పోసి నలువైపులా తిప్పి పెట్టడం మేలు. కొత్త ఇంజెక్షను బండికి మాత్రం ఈ పని చేయకండి. దాని పంపు ట్యాంకులోనే ఉంటుంది, అది పెట్రోలులో మునిగి ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దించిన పెట్రోలును పురుగుమందు డబ్బాల్లోనూ, మంచినీళ్ల సీసాల్లోనూ పోయకండి. మన పల్లెల్లో దాహానికి ఏ సీసా దొరికితే అది ఎత్తే పిల్లలున్నారు. దాచడం మానేసి, ఆ రోజే ఇంకో బండిలో పోసేయండి.

4. కార్బురేటరు

పెట్రోలులో తేలిక భాగం ముందు ఆవిరైపోతుంది. మిగిలింది వార్నిషు లాంటి జిగురు. కార్బురేటరులోని జెట్టు రంధ్రం వెంట్రుక ఎంతో అంతే. ఆ జిగురు అక్కడ పేరుకుంటే బండి ఎంత తొక్కినా పలకదు. కాబట్టి ట్యాపు మూసి, కార్బురేటరు గిన్నె కింది స్క్రూ వదులు చేసి పెట్రోలు దించేయాలి. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బళ్లూ ఇంజెక్షనువే గనుక వాటికి ఈ పని లేదు.

5. సిలిండరులో ఒక చెంచా

మూడు నెలలు మించితే స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచాడు శుభ్రమైన ఇంజను ఆయిలు పోసి, తాళంచెవి తీసేసి, అయిదారుసార్లు నెమ్మదిగా కిక్కు తొక్కండి. కిక్కు లేని బండికి టాపు గేరు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే సరి. సిలిండరు గోడకు, రింగులకు ఆయిలు పొర పడుతుంది. రాజ్‌దూత్, జావా వంటి టూ స్ట్రోకు బళ్లలో ఆయిలు పెట్రోల్లోనే కలిసి వెళుతుంది, లోపలి బేరింగులకు వేరే ఆధారం లేదు. వాటికి ఇది తప్పనిసరి.

6. బాటరీ

మంచుదేశంలో ఛార్జి దిగిన బాటరీ గడ్డకట్టి పగులుతుంది. మన దేశంలో వేడికి తనంతట తానే దిగిపోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ దిగిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది. దిగిపోయి అలాగే ఉన్న బాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా ఎక్కదు. కొత్త బళ్లలో గడియారం, మీటరు వంటివి తాళం తీసేసినా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి.

అందుచేత బాటరీ విప్పి ఇంట్లో చల్లని చోట పెట్టండి. విప్పేటప్పుడు ముందు నెగటివు, తర్వాత పాజిటివు. బిగించేటప్పుడు ముందు పాజిటివు, తర్వాత నెగటివు. బండి ఫ్రేము నెగటివుకే కలిపి ఉంటుంది గనుక, వరస తప్పితే పానా ఫ్రేముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. పూర్తి ఛార్జిలో ఉన్న 12 వోల్టుల బాటరీ తీరిక మీద 12.6 వోల్టులు పైన చూపాలి. నెలకోసారి తక్కువ కరెంటుతో, అంటే 5 ఆంపియర్ అవర్ బాటరీకి అర ఆంపియరుతో ఛార్జి చేయించండి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆసిడ్ పోయకూడదు. ఛార్జి పెట్టిన గదిలో కిటికీ తెరిచి ఉంచండి, హైడ్రోజను వాయువు వస్తుంది.

7. చైను, వైర్లు, మెరిసే భాగాలు

చైనును కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని తుడిచి, ఆరాక 90 నంబరు గేరాయిలు పట్టించండి. క్లచ్ వైరులో, బ్రేకు వైరులో నాలుగు చుక్కలు వదలండి. నికెలు పూత భాగాలకు పలచగా వ్యాజలీను రాస్తే చాలు. బ్రేకు డిస్కుకూ, డ్రమ్ములోకీ, టైర్లకూ మాత్రం నూనె చుక్క తగలనీయకండి.

8. చోటు, స్టాండు, టైర్లు

కంపెనీ చెప్పిన దానికన్నా రెండు మూడు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించి, సెంటరు స్టాండు మీద నిలపండి. ముందు చక్రం కింద తగలకుండా ఇంజను కింద దిమ్మె పెడితే టైరు ఒకేచోట అణగదు. నేల రేగడిదైతే స్టాండు కింద పలక వేయండి. వాన పడి నేల మెత్తబడితే స్టాండు దిగబడి బండి పక్కకు ఒరుగుతుంది.

ఎరువు బస్తాలున్న గదిలో పెట్టకండి. వంటగది పక్కనా, దీపం వెలిగే చోటా అసలే వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతూ దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. పల్లపు చోటూ పనికిరాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధుల్లో వేలాది బళ్లు నీట మునిగాయి. మునిగిన బండిని ఆత్రంగా స్టార్టు చేయవద్దు. సిలిండరులో నీరుంటే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ఆయిలు దించి, ప్లగ్గు తీసి, మెకానిక్కుకు చూపాకనే స్టార్టు.

9. రంధ్రాలు మూయడం

మన ఇళ్లలో ఎలుకలకూ, పందికొక్కులకూ కొదవ లేదు. వైర్ల మీది ప్లాస్టిక్కు వాటికి పిండివంట. ఉడుత అయితే ఎయిర్ ఫిల్టరు డబ్బాలో పత్తి పరిచి సంసారం పెడుతుంది. సైలెన్సరు మూతిలో కందిరీగ మట్టిగూడు కడుతుంది. కాబట్టి ఇంజను పూర్తిగా చల్లారాక సైలెన్సరు మూతికి ప్లాస్టిక్కు కాగితం వేసి రబ్బరు బ్యాండు బిగించండి. తర్వాత మరిచిపోకుండా “సైలెన్సరు మూసి ఉంది” అని ఒక చీటీ రాసి హ్యాండిలుకు కట్టండి.

10. కప్పు, కాగితాలు

ప్లాస్టిక్కు పట్టా నేరుగా కప్పితే మిరప కళ్లంలో జరిగినట్టే లోపల చెమరుస్తుంది. పాత నూలు దుప్పటి మంచిది. గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది.

కాగితాల సంగతి చాలామంది మరిచిపోతారు. బండి తిరగడం లేదు కదా అని బీమా వదిలేస్తే, దొంగతనానికీ అగ్నికీ వరదకీ రక్షణ పోతుంది. గడువు దాటి 90 రోజులు గడిస్తే అప్పటిదాకా కూడిన నో క్లెయిం బోనసు కూడా పోతుంది. తిరిగి రోడ్డెక్కిన రోజు బీమా లేకపోతే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. కాలుష్య ధృవపత్రం తేదీ కూడా చూసుకోండి.

నిద్ర లేపడం

ఇంతా చేసి, ఊరినుంచి దిగిన రోజే పెట్టె కింద పెట్టకుండా కిక్కు తొక్కేవాళ్లున్నారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన కూతురి దగ్గర ఆరు నెలలుండి వచ్చారు. మర్నాడే మనవడికి జ్వరమొచ్చిందని కొడుకు ఫోను చేస్తే, మూలనున్న బండి తీసి చిలకలూరిపేట దారి పట్టారు. బండి స్టార్టయింది గాని, తుప్పు పట్టిన బ్రేకు వైరు హైవే ఎక్కే మలుపులో తెగింది. ఎదురుగా వస్తున్న పత్తి లారీ డ్రైవరు పక్కకు తిప్పాడు గనుక ఆయన మోకాలు మాత్రం పగిలి బయటపడ్డారు. స్టార్టు కాని బండి వల్ల మనకు ఒక పూట ఆలస్యం. స్టార్టయి, ఆగని బండి వల్ల ప్రాణమే పోవచ్చు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

కనుక లేపడానికీ ఒక వరస ఉంది. మొదట హ్యాండిలు మీది చీటీ చదివి సైలెన్సరు మూత తీయండి. ఎయిర్ ఫిల్టరు తెరిచి గూడు ఏమైనా ఉందేమో చూడండి. వైర్లు ఎలుకలు కొరికాయేమో టార్చి వేసి చూడండి. ఆయిలు మట్టం, టైర్ల గాలి, టైరు పక్కల పగుళ్లు చూడండి. బాటరీ బిగించండి. పెట్రోలు వాసన పుల్లగా, రంగు ముదురుగా ఉంటే దించేసి కొత్తది పోయండి. తాళం వేయకుండా పదిసార్లు నెమ్మదిగా కిక్కు తొక్కితే ఆయిలు పైకెక్కుతుంది. క్లచ్ ప్లేట్లు అతుక్కున్నాయనిపిస్తే, ఇంజను ఆపి ఉండగానే గేరు వేసి, క్లచ్ పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, విడిపోతాయి. స్టార్టయ్యాక మొదట్లో తెల్లపొగ వస్తే కంగారు పడకండి, మీరు పోసిన చెంచాడు ఆయిలే కాలుతోంది.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. రోడ్డెక్కక ముందే వాకిట్లో తోసుకుంటూ రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. వైరు పోగులు తెగి ఉంటే మార్చండి. డిస్కు బ్రేకు ఆయిలు కూడా గాలిలోని తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చడం మంచిది. మొదటి రోజు ఊళ్లోనే నెమ్మదిగా తిప్పి, మర్నాడు దూరం వెళ్లండి.

ఈ పనులన్నిటికీ కలిపి ఒక పూట పడుతుంది. ఖర్చల్లా లీటరు ఆయిలు, కాస్త గ్రీజు, ఒక పాత దుప్పటి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఈ వేసవి సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థులు బస్సు టిక్కెట్టు కొన్న రోజే ఈ పని మొదలుపెడితే, జూన్లో హాస్టలు షెడ్డు ముందు చెమటలు కారుస్తూ కిక్కు తొక్కే బాధ తప్పుతుంది. ఇంటి దగ్గర నాన్నగారి బండి ఉంటే, దాని బ్రేకు వైరు ఒక్కసారి మీరే చూసి రండి.